పెద్దల చేతికి ఏ పుస్తకము?

వయస్సు వచ్చిన పిమ్మట ఆంగ్లము నేర్వబూనినవానికి తెలుగునాట లభించు సలహాలు ముఖ్యముగ మూడు. పసిపిల్లల బొమ్మల పుస్తకముతో ప్రారంభింపుమని ఒకరందురు. ముప్పది దినములలో ఆంగ్లమును కరతలామలకము చేయుదునని అట్టమీద వ్రాసికొన్న పుస్తకమును కొనుమని మఱియొకరందురు. ఆంగ్ల దినపత్రికను తెప్పించుకొని, నిఘంటువును ప్రక్కన పెట్టుకొని, ప్రతిదినము సంపాదకీయమును చదువుమని తక్కినవారందఱు ఏకకంఠముతో నందురు. మూడును సదుద్దేశముతో చెప్పబడునవే. మూడును తఱచుగ విఫలమగునవే. బొమ్మల పుస్తకము పెద్దవానిని చిన్నబుచ్చును, ముప్పది దినముల పుస్తకము మోసపుచ్చును, సంపాదకీయము భయపెట్టును. మూడింటిని ముట్టి విడిచినవాడు చివరకు “ఈ వయస్సున నాకిక రాదు” అని తనకు తానే తీర్పు చెప్పుకొనును. పుస్తకమును ఎన్నుటలో జరిగిన పొరపాటు మనిషి బుద్ధిలోని లోపముగ లెక్కకు వచ్చుట ఇందలి విషాదము.

ఇట్టి పెద్దల సంఖ్య స్వల్పము కాదు. డిగ్రీవఱకు తెలుగులో చదివి, ఇంటర్వ్యూలో నోరు పెగలక వెనుదిరుగు యువకులు కలరు. బిడ్డల నోటుపుస్తకమును తెఱచి చూచుటకు జంకు తల్లులు కలరు. పని వెదకికొనుచు గల్ఫుదేశములకు పోవువారు కలరు. అందఱికంటె ముఖ్యముగ ఉపాధ్యాయులున్నారు. 2022-23 విద్యాసంవత్సరమున తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలలో 1వ తరగతి మొదలు 8వ తరగతివఱకు ఆంగ్లమాధ్యమము ప్రవేశపెట్టబడినది. తాను తెలుగులో నేర్చిన గణితమును, సామాన్యశాస్త్రమును ఆంగ్లమున బోధింపవలసివచ్చిన ఉపాధ్యాయుడు పగలు గురువు, రాత్రి విద్యార్థి. ఆ మాధ్యమపు మంచిచెడ్డలు వేఱొక చర్చ. రాత్రి దీపముకడ కూర్చున్న ఆ విద్యార్థి చేతికి ఏ పుస్తకము ఈయవలెననునది ఇచటి ప్రశ్న.

ఈ యవసరమును తీర్చుటకు ఒక జాతి పుస్తకములు శతాబ్దకాలముగ వెలువడుచున్నవి. ఆంగ్లమున వానికి గ్రేడెడ్ రీడర్లని పేరు, తెలుగున సోపానవాచకములనవచ్చును. ఒక్కొక్క మెట్టునకు ఇన్ని మాటలని పరిమితి విధించుకొని, ఆ మాటలతోనే కథనో చరిత్రనో చెప్పి, పై మెట్టున మఱికొన్ని మాటలను చేర్చుచు పోవుట వీని పద్ధతి. ఈ భావము ఈ దేశమునకు క్రొత్త కాదు. సంస్కృతము నేర్చు బాలుడు శబ్దమంజరిని, అమరకోశమును వల్లించి, రఘువంశముతో కావ్యపఠనమునకు దిగెడివాడు. మాఘమును, నైషధమును ఆ పిమ్మటనే ముట్టెడివాడు. ఏ కావ్యము ముందు, ఏ కావ్యము వెనుక అనునది గురుపరంపరకు తెలిసిన విద్యయే. ఐతే ఆ క్రమము ఏండ్లతరబడి గురువు పాదములకడ కూర్చుండువానికొఱకు ఏర్పడినది. పగలెల్ల పనిచేసి రాత్రి గంటసేపు చదువుకొనువానికి మెట్లు ఇంకను చిన్నవిగ నుండవలెను.

అట్టి చిన్నమెట్లను కట్టినవారిలో మొదట పేర్కొనదగినవాడు మైకేల్ వెస్ట్. ఈయన నాటి భారతీయ విద్యాశాఖలో ఉద్యోగియై, ఢాకాలోని ఉపాధ్యాయ శిక్షణ కళాశాలకు ప్రిన్సిపాలుగ పనిచేసెను. వంగదేశపు బడులలో ఆంగ్లవిద్య నడుచు తీరును పరిశీలించి, 1926లో ద్విభాషాభ్యాసమును గూర్చి ఒక గ్రంథమును ప్రకటించెను. పెక్కుమంది పిల్లలు చదువు పూర్తికాకమునుపే బడి మానుచుండిరి. అట్లు మానినవానికి అప్పటివఱకు నేర్చిన ఆంగ్లమువలన దక్కు ఫలమేమి యని ఆయన ప్రశ్నించెను. బీమా పాలసీని నడుమ వదలుకొన్నవానికి సంస్థ ఎంతో కొంత సొమ్ము తిరిగి ఇచ్చును. దానికి ‘సరెండర్ వ్యాల్యూ’ అని పేరు. ఆ వ్యాపారపు మాటనే వెస్ట్ చదువునకు అన్వయించెను. సగములో ఆగినను చేతిలో ఏదో మిగులునట్లు విద్య సాగవలెనని, అట్లు ముందుగ మిగులదగినది చదువగల శక్తియని ఆయన వాదించెను. అరుదైన పాతమాటల స్థానమున వాడుకమాటలను నిలిపి, క్రొత్తమాటలు ఒకేచోట మీదపడకుండ ఎడమెడముగ చల్లి, ఆయన వాచకములను కూర్చెను. నేటి సోపానవాచకముల వేళ్లు ఇట్లు కొంతవఱకు వంగదేశపు తరగతిగదులలో నున్నవి.

వెస్ట్ చెప్పిన ఆ మాట పిల్లలకంటె పెద్దలకు ఎక్కువగ వర్తించును. పెద్దవాని చదువు ఏనాడైనను ఆగిపోవచ్చును. బదిలీ వచ్చును, ఇంట జబ్బు వచ్చును, కోతలు వచ్చును. ఆగిన దినమున అతనిచేత అప్పజెప్పబడని వ్యాకరణసూత్రములు మాత్రమే మిగిలినచో ఆ శ్రమయంతయు నీటిపాలే. ఒక చిన్నకథను తానై చదివి ముగించితినను అనుభవము మిగిలినచో, ఆఱునెలల తరువాతనైనను మరల పుస్తకము పట్టును. పుస్తకమును ఎన్నువారు మొదట తలపవలసినది ఇదియే.

ఇక ఎన్నుటకు కొలతలేవి? మొదటిది మాటల కొలత. ఆక్స్‌ఫర్డ్ బుక్‌వర్మ్స్ అను వరుసలో మొదటి మెట్టునకు 400 మూలపదములు, రెండవదానికి 700, మూడవదానికి 1,000, నాల్గవదానికి 1,400, ఐదవదానికి 1,800, ఆఱవదానికి 2,500. మూలపదమనగా గో, గోస్, గోయింగ్, వెంట్, గాన్ అను ఐదింటిని కలిపి ఒక్కటిగ లెక్కించుట. కేంబ్రిడ్జి ఇంగ్లీష్ రీడర్స్ అను మఱియొక వరుస కూడ మొదటి మెట్టున 400 మాటలతోనే ఆరంభమగును. కాని దాని మూడవమెట్టున 1,300 మాటలు, ఆఱవమెట్టున 3,800 మాటలు కలవు. రెండింటి అట్టమీదను మూడవమెట్టనియే యున్నను ఒకదానికంటె రెండవది మున్నూఱు మాటల యెత్తున నున్నది. కావున మెట్టుసంఖ్యను నమ్మరాదు, పదసంఖ్యను వెదకవలెను.

ఆ పదసంఖ్య చదువరికి సరిపోవునా లేదా యనుట ఎట్లు తెలియును? న్యూజిలాండునకు చెందిన పాల్ నేషన్ పదజాలాభ్యాస పరిశోధనలో ప్రామాణికుడు. మఱియొక పరిశోధకురాలితో కలిసి ఆయన 2000లో ప్రకటించిన పరిశోధన ప్రకారము, ఒక కథను పరసహాయము లేకుండ హాయిగ గ్రహించుటకు అందలి మాటలలో నూటికి 98 తెలిసియుండవలెను. 250 మాటలున్న పుటలో తెలియనివి ఐదు మించరాదన్నమాట. కావున పరీక్ష సులభము. పుస్తకమునుండి నడిమి పుట నొకదానిని తెఱచి, చదువరిచేత చదివించి, తెలియని ప్రతిమాటకు ఒక వ్రేలిని మడువుమనవలెను. పుట ముగియకమునుపే ఒక చేతి ఐదువ్రేళ్లును ముడుచుకొన్నచో ఆ పుస్తకమును దాచియుంచి, క్రింది మెట్టు పుస్తకము నీయవలెను. సంపాదకీయపు సలహా ఎంత కఠినమైనదో ఈ దృష్టితో చూచినగాని తెలియదు. నవలలను, వార్తాపత్రికలను ఆ 98వ పాలు తెలివితో చదువుటకు 8,000 మొదలు 9,000 పదకుటుంబములు కావలెనని నేషన్ 2006లో లెక్కకట్టెను. వేయి మాటలు తెలిసినవానిని ఆ సంపాదకీయమునకు నెట్టుట, ఈత రానివానిని గోదావరి వఱదలో దింపి ధైర్యము చెప్పుటయే.

ఇచట అభిమానము అడ్డువచ్చును. డిగ్రీ పట్టము గలవాడు 400 మాటల పుస్తకమును పట్టుటకు సిగ్గుపడును. ఉపాధ్యాయుడు నేర్పుగ వ్యవహరింపవలసిన తావిది. ఒక మెట్టు తక్కువ పుస్తకమును వేగముగ చదివి ముగించుట, ఒక మెట్టు ఎక్కువ పుస్తకమును మూడవపుటలో విడుచుటకంటె మేలని ముందే చెప్పవలెను. సులభముగ నున్నదను ఫిర్యాదు వచ్చినచో సంతసింపవలెను; పై మెట్టున కెక్కించుటకు అదియే ముహూర్తము.

ఐతే పదసంఖ్య ఒక్కటియే సర్వము చెప్పజాలదు. ‘పుట్’, ‘అప్’, ‘విత్’ అను మూడుమాటలును క్రిందిమెట్ల పదావళిలో నుండునవే. మూడును కలిసి ‘సహించుట’ యను అర్థము నిచ్చునని వానిలో ఏదియు చెప్పదు. వాక్యనిర్మాణమును ఇట్టిదే. ‘నిన్న వచ్చిన మనిషి’ అని తెలుగు విశేషణమును ముందు నిలుపును. ‘ద మ్యాన్ హూ కేమ్ యెస్టర్‌డే’ అని ఆంగ్లము మనిషిని ముందు నిలిపి, వచ్చిన సంగతిని వెనుక తగిలించును. క్రియ చివరకు వచ్చునని ఎదురుచూచుట కలవాటుపడిన తెలుగు చదువరి, ‘హూ’, ‘విచ్’ అను మాటలు తగిలినచోటనెల్ల ఒక అడుగు వెనుకకు వేసి మరల బయలుదేరును. అట్టి వాక్యములు పుటకు పదియున్నచో, మాటలన్నియు తెలిసినను పుస్తకము కఠినమే. ఎన్నువారు ఒక పుటను బయటికి చదివి చూచినచో ఈ సంగతి చెవికే తెలియును.

దీనికి మఱియొక ప్రక్క కూడ కలదు. పరదేశమున పదావళులను కూర్చినవారికి తెలుగు చదువరియొక్క దాచియున్న ధనము తెలియదు. బడిముఖము చూడని రైతునోట సైతము కరెంటు, మోటారు, ఫ్యూజు, బ్యాంకు, లోను, రిజిస్ట్రేషను అను మాటలు నిత్యము పలుకుచున్నవి. ఏమియు రాదనుకొన్నవానికి వందలకొలది ఆంగ్లపదములు ఈవఱకే వచ్చును. వానిని గుర్తుచేసిన పుస్తకము అతనికి బంధువువలె కనబడును. ఐనను బంధువులలో వేషము మార్చినవారును కలరు. తెలుగున ‘హోటలు’ అనిన తఱచుగ భోజనముచేయు చోటు. ఆంగ్లమున బసచేయు చోటు. తెలుగున ‘కరెంటు’ విద్యుత్తు మాత్రమే. ఆంగ్లమున అది నదీప్రవాహము, వర్తమానము కూడ. ఈ నాలుగుమాటలు ముందే చెప్పిపంపిన ఉపాధ్యాయుడు చదువరికి ఎంతో శ్రమ తప్పించినవాడగును.

రెండవ కొలత విషయమునకు సంబంధించినది. అది మొదటిదానికంటె బరువైనది. భాషలో శిశువైనంతమాత్రమున మనిషి శిశువు కాడు. అప్పు తీర్చినవాడు, కన్నవారిని సాగనంపినవాడు, కూతురి పెండ్లి చేసినవాడు కుందేలు క్యారెట్టు తిన్న కథను చదువుటకు మనసొగ్గడు. పెద్దలకు పెద్దల బ్రతుకును ఇచ్చినచో చదువు ఏమి చేయగలదో తెలుగునేలయే లోకమునకు చూపినది. 1990ల తొలినాళ్లలో నెల్లూరుజిల్లాలో వయోజనులకు అక్షరములు నేర్పు ఉద్యమము నడచినది. వారికిచ్చిన వాచకమున సారావలన చితికిన సీతమ్మ యను స్త్రీ కథ ఒక పాఠముగ నుండెను. అది చదివిన స్త్రీలకు తమ యింటి కథయే అచ్చులో కనబడినది. దూబగుంట గ్రామమున స్త్రీలు సారా దుకాణమును మూయించిరి. ఆ నిప్పు జిల్లాలను దాటెను. 1993లో ప్రభుత్వము సారాను నిషేధించెను. ఆ ఉద్యమమునకు కారణములనేకములు. ఐనను అందలి పాఠమునకు గల స్థానమును ఎవరును కాదనలేదు. ఆ పాఠము తెలుగుపాఠమే. కాని భాష ఏదైనను న్యాయమొక్కటే: అక్షరము సులభముగ నుండవలెను, అర్థము బరువుగ నుండవలెను.

ఆంగ్ల సోపానవాచకములలో ఈ న్యాయమును పాటించునవి, పాటింపనివి రెండును కలవు. గొప్పనవలలను కుదించిన పుస్తకములు ఎక్కువ. వానిలో కొన్ని రసవంతములు. మఱికొన్ని కండ తీసివేసి ఎముకలను పేర్చినట్లుండును. ఇరువది పాత్రలు పది పుటలలో పుట్టి గిట్టును. పేరు చూచి మురియక, పాత్రలు కొలదిగ నుండి కథ నిలుకడగ నడచునదానినే తీసికొనవలెను. 1999లో ప్రారంభమైన కేంబ్రిడ్జి వరుస దేనికిని సంక్షేపములు కాని స్వతంత్రకథలను, పెద్ద చదువరులను దృష్టియందుంచుకొని వ్రాయించినది; ఈ మార్గము ఆదరింపదగినది. దీనికి భిన్నముగ, చాల్స్ ల్యామ్, మేరీ ల్యామ్ కూర్చిన షేక్స్‌పియరు కథలు 1807లో బాలురకొఱకు వెలువడినవి. బాలురకొఱకు అను మాటను నమ్మి వానిని ఉపవాచకములుగ పెట్టిన తరగతులు ఎన్నియో కలవు. ఆ వాక్యముల పొడవును ఒక్కమాఱు చూచినచో, అవి ఇంట ఆంగ్లమాడు బాలురకే గాని పరభాషగ నేర్చు పెద్దలకు కావని తెలియును.

తెలిసిన కథ తెలియని భాషకు చేయూత నిచ్చును. సీతాపహరణము తరువాత ఏమి జరుగునో ఎఱిగిన చదువరి, మాట తెలియకున్నను భావమును పట్టుకొనును. రాజగోపాలాచారి ఆంగ్లమున వ్రాసిన మహాభారతము (1951), రామాయణము (1957) సోపానవాచకములు కావు. ఐనను తెలుగు చదువరికి అవి పదసంఖ్య చెప్పునంత కఠినములుగ తోపవు. పై మెట్లు ముగించినవానికి ఆర్. కె. నారాయణ్ కథలు నిజమైన ఆంగ్లసాహిత్యమునకు వంతెనవంటివి. మాల్గుడి వీథులలో పోస్టుమాను, కొట్టువాడు, హెడ్మాస్టరు తిరుగుచుందురు. వారిని పరిచయము చేయుటకు పాదసూచికలు అక్కఱలేదు.

ఇంతయు విని, సులభీకరించిన పుస్తకము నీళ్లు కలిపిన పాలని కొందఱు పండితులు ఆక్షేపింతురు. ఆ యాక్షేపణలో కొంత నిజము లేకపోలేదు. మూలమునందలి శైలి, ధ్వని, చమత్కారము సంక్షేపమున నిలువవు. కాని ఆ పుస్తకము మూలమునకు బదులుగ ఇచ్చునది కాదు, మూలమువఱకు నడిపించునది. లంఖణములనుండి లేచినవానికి జావ ఇచ్చు వైద్యుని, పిండివంటలు పెట్టలేదని నిందింపరు. జావ యెచటనో ఆపివేసి, అదియే భోజనమనుటయే దోషము. సోపానవాచకములను చదువుటలోనే జీవితమును గడుపుమని ఎవరును చెప్పరు.

ఉపాధ్యాయలోకము జాగ్రత్తపడవలసిన దొకటి కలదు. మంచి పుస్తకమును సైతము పరీక్ష చంపగలదు. నాన్‌డిటెయిల్డు పుస్తకముల గతి అందఱికి తెలిసినదే. కథను హాయిగ చదువుమని ప్రవేశపెట్టిన పుస్తకమునకు ప్రశ్నలు పుట్టినవి. ప్రశ్నలకు గైడులు పుట్టినవి. గైడులు వచ్చిన పిమ్మట పుస్తకము కొనువాడే లేకపోయెను. రిచర్డ్ డే, జూలియన్ బ్యామ్‌ఫర్డ్ 1998లో విస్తారపఠనమును గూర్చి వ్రాసిన గ్రంథమున, చదువరి తన పుస్తకమును తానే ఎన్నుకొనవలెనని, చదువుట తనకు తానే ఫలమని చెప్పిరి. నచ్చని పుస్తకమును నడుమ విడుచు స్వాతంత్ర్యము కూడ అందులో చేరినదే. నలువదిమందికి ఒకే పుస్తకమును కొని పంచుటకంటె, నలువది పుస్తకములను ఒక పెట్టెలో పెట్టి ఎన్నుకొనుమనుట మేలు; ఖర్చు రెండింటికిని ఒకటే.

పుస్తకములు పెక్కు కావలెననుటకు మఱియొక కారణము కలదు. మాట ఒక్కమాఱు కనబడినంతమాత్రమున నిలువదు. పలుమాఱులు, పలుచోట్ల ఎదురుకావలెను. నేషన్, వాంగ్ అనువారు 1999లో లెక్కించి, వారమునకు ఒక పుస్తకము, మెట్టునకు ఐదు పుస్తకములు చదువుట తగిన కొలతయని సూచించిరి. ఆఱుమెట్లకు ముప్పది పుస్తకములు. జీతపురాళ్లతో ఇల్లు గడుపుకొనువాడు వానిని కొనలేడు, కొననక్కఱయు లేదు. 1914లో విజయవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘమును స్థాపించుకొని, ఊరూర పఠనాలయములు తెఱచిన జాతి ఇది. 1960 నాటి గ్రంథాలయ చట్టము ప్రకారము గ్రంథాలయములకొఱకు ప్రజలు పన్ను చెల్లించుచునే యున్నారు. నేడు పెక్కు గ్రంథాలయములలో పోటీపరీక్షల పుస్తకములముందు యువకులు కిక్కిరిసి కూర్చుండుట కనబడును. ఆ ప్రక్కనే ఒక్క అరను సోపానవాచకములకు కేటాయించి, పుస్తకము వెన్నున మెట్టుసంఖ్యకు మాఱుగ పదసంఖ్యను వ్రాసి అతికించినచో చాలును. పాఠశాలలలో ఉపాధ్యాయుల గదియందు అట్టి పెట్టె యొకటి యుండుట ఇంకను అవసరము. తన గురువు విరామవేళ చిన్న ఆంగ్లకథను చదువుచు నవ్వుకొనుట చూచిన విద్యార్థికి వేఱు బోధ యెందులకు?

పెద్దవాని చేతికి పుస్తకము నిచ్చువారు అతని భాషను అంచనా వేయునపుడు వినయముతోను, అతని మనస్సును అంచనా వేయునపుడు గౌరవముతోను మెలగవలెను. మాటలు తక్కువగ నుండవచ్చును. బ్రతుకు తక్కువగ నుండరాదు. ఈ రెండును కుదిరిన చిన్నపుస్తకము నొకదానిని అతడు చివరిపుటవఱకు చదివి మూసిననాడు, ఈ వయస్సున రాదను తీర్పు దానంతట అదియే కొట్టుపడిపోవును. ఆ తరువాత రెండవ పుస్తకమును అతడే అడిగి తీసికొనును.